పైపు ప్రశస్తికి పువ్వు అడిగితే

నిన్న చిక్కబళ్ళాపురంలో మా పైపు బళగ ప్రశస్తి ఫంక్షన్ అయింది. ఏం అయింది, నా బతుకే అయింది! ఇంటికొచ్చి నేను చెప్పులు విప్పేలోపే మా ఆవిడ సరోజ వంటింట్లోకి పోయి ధడాలున తలుపేసుకుంది. మా బావ నా ఫోన్ ఎత్తడం లేదు. ఇదంతా ఒక్క చామంతి పువ్వు చేసిన పని. నవ్వనని మాటిస్తే మొదట్నుంచీ చెబుతాను. సరే, నవ్వండి, మీరు నవ్వకుండా ఉండేవాళ్ళైతే కదా!

నా సంగతి మీకు తెలిసిందే. బాగేపల్లి బస్టాండు వెనకాల టూవీలర్ స్పేర్ పార్ట్స్ అంగడి. పేరు శ్రీనివాసులు, ఊరందరికీ సీనప్ప. ఎనిమిదేళ్ళు పైపు తాగాను. 'తాగాను' అని ఎందుకంటున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ అలవాటు చేసింది మా అశ్వత్థప్ప మేష్ట్రు. హైస్కూల్లో నాకు కన్నడ చెప్పిన గురువు. రిటైరయి ఇరవై ఏళ్ళు దాటింది, భార్య పోయి ఆరేళ్ళు. సాయంత్రమైతే అరుగు మీద కూర్చుని చింతచేవ చెక్కి పైపులు చేస్తుంటారు. ఒకరోజు నేను బీడీ తాగుతూ కనబడితే పిలిచి, తిడతారేమో అనుకుంటే, ఒక పైపు చేతిలో పెట్టారు. "తాగేదైతే మర్యాదగా తాగప్పా" అన్నారు. అంతే, ఆ మర్యాద నాకు అంటుకుంది.

ఆ తర్వాత నన్ను బళగలో చేర్పించింది కూడా ఆయనే. బళగ అంటే పెద్ద సంఘమేం కాదు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం, మూడు ఊళ్ళ నుంచి తొమ్మిది మందిమి. నెలకి రెండు ఆదివారాలు చిక్కబళ్ళాపురంలో అధ్యక్షులు వెంకటరమణప్పగారి మిద్దె మీద చేరతాం. పొగ వదులుతాం, దేశాన్ని బాగుచేస్తాం, కిందికి దిగి వచ్చేస్తాం. ఏడాదికొకసారి మాత్రం 'పైపు సేవా ప్రశస్తి' అని ఒక అవార్డు ఇస్తాం. ఎక్కువ తాగినవాడికి కాదు. ఈ సిగరెట్ల కాలంలో పైపు పరువు నిలబెట్టినవాడికి! శాలువా, తలకి మైసూరు పేట, పళ్ళబుట్ట, అన్నీ ఉంటాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళకి మా పైపులంటే ఒళ్ళుమంట. ఫంక్షన్‌కి మాత్రం తొలి వరసలో వాళ్ళే ఉంటారు. ఏ రంగు చీరలు కట్టుకోవాలో తేల్చుకోడానికి వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు కూడా ఉంది.

ఇన్నేళ్ళూ వంతుల వారీగా ఇచ్చుకున్నాం కాబట్టి గొడవ రాలేదు. ఈసారి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మేష్ట్రు. రెండోవాడు మా బావ నరసింహప్ప, సరోజకి సొంత అన్న.

మా బావకి చింతామణిలో టమోటా మండీ ఉంది. పైపు నోట్లోంచి తియ్యకుండానే వేలం పాడతాడు. పైపు పైకి లేస్తే ధర పెరిగినట్టు, కిందికి దిగితే పాట అయిపోయినట్టు. రైతులందరికీ ఆ భాష వచ్చేసింది. మండీలో ముగ్గురి చేత బీడీ మానిపించి పైపు పట్టించాడు. వాళ్ళల్లో ఇద్దరు మళ్ళీ బీడీకి పోయారనుకోండి, ఆ ముక్క అప్లికేషన్‌లో రాయలేదు. మేష్ట్రు మాత్రం పదిహేడు పేజీల స్వవివర, అదే బయోడేటా, రాసిచ్చారు. అచ్చ కన్నడంలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, చివర్లో రెండు అనుబంధాలు. ఎవరి పైపు ఎన్నిసార్లు ఉచితంగా బాగుచేశారో తేదీలతో సహా ఉంది అందులో.

ఓటింగు రోజు నా బస్సు దారిలో టైరు పంక్చరై గంట లేటయింది. మిద్దె ఎక్కేసరికి అందరూ ఓటు వేసేశారు. అటు నాలుగు, ఇటు నాలుగు! మేష్ట్రు ఓటు మేష్ట్రుకే, బావ ఓటు బావకే. ఎనిమిది పైపులూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి.

"సీనప్పా, నీ ఓటొకటే మిగిలుండాది" అన్నారు అధ్యక్షులు.

మేష్ట్రుకి వెయ్యకపోతే గురుద్రోహం. అందులోనూ ఆయన ఇన్నేళ్ళలో ఎవరినీ ఏమీ అడిగినవారు కాదు, జన్మానికొకసారి నోరు తెరిచి అడిగారు. బావకి వెయ్యకపోతే ఇంట్లో నాకు నీళ్ళు కూడా పుట్టవు. రెండు వారాలు టైం అడిగాను. ఇచ్చారు.

ఆ మర్నాడే చింతామణి సర్కిల్లో ఫ్లెక్స్ లేచింది. 'పైపు సేవా ప్రశస్తి విజేత నరసింహప్పగారికి హార్దిక అభినందనలు'! కింద అభిమానుల వరసలో చేతులు జోడించి నేను! ఫోన్ చేసి అడిగితే బావ తాపీగా చెప్పాడు. "ఆఫర్ ఉండె బావా, అదాటున వేయించేస్తి. ఎట్లా నువ్వు నాకే కదా వేసేది?"

మేష్ట్రు దగ్గరికి పోతే ఆయన ఇంకో రకం. "నువ్వు యాడ వేసినా నాకేం బేజారు లేదప్పా. నీ ఆత్మసాక్షి ఏం చెప్తే అది చెయ్యి" అన్నారు. అని, మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదు.

ఇంట్లో సరోజ ముద్ద పెడుతూ పెడుతూ ఆగింది. "ఆ కంపు పైపంటే నాకు గిట్టదు. అది మీ అందరికీ పట్టిన పీడ."

"మరి ఎవరికిస్తే నీకేం?" అన్నాను ఆశగా.

"మా అన్నకి ఇయ్యకపోతే చూడు!"

ఇదండీ నా పరిస్థితి. ఒకరోజు అంగడిలో కూర్చుని తల పట్టుకుని ఉంటే, బండికి బ్రేక్ షూ కొనడానికి వచ్చిన గూళూరు రైతు ఒకడు మాటల్లో చెప్పాడు. వాళ్ళ ఊరి పక్కన ఆంజనేయస్వామి గుళ్ళో పువ్వు అడిగి బోరు వేయించాడట, నీళ్ళు పడ్డాయట. మన పక్క ఇది మామూలే కదా. తడిపిన పువ్వులు స్వామికి రెండు వైపులా అతికించి అడిగితే, కుడి పువ్వు పడితే సరే, ఎడమ పువ్వు పడితే వద్దు. పిల్ల సంబంధానికీ అడుగుతారు, ఆవు తప్పిపోయినా అడుగుతారు. నా బుర్రలో బల్బు వెలిగింది. కుడి పడితే మేష్ట్రు, ఎడమ పడితే బావ! స్వామే తేల్చాడని చెప్పేస్తే నన్ను ఎవరు ఏమనగలరు? దేవుడి మీద ఎవరైనా అలుగుతారా?

ఆ ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బండి తీశాను. గేటు దగ్గర సరోజ అప్పటికే పూలబుట్ట పట్టుకుని నిలబడుంది.

"గుడికేనా? నేనూ వస్తా" అంది.

గుడికి రావద్దని ఏ మొగుడు చెప్పగలడండీ? ఎక్కించుకున్నాను. ఏముందిలే, మనసులోనే అడుగుతాం కదా, పక్కన ఎవరుంటే ఏం అనుకున్నాను.

గుళ్ళో ముప్పై మంది దాకా ఉన్నారు. వరసలో మా ముందున్నాయన బోరు ఏ మూల వేయించాలని అడిగాడు. పావుగంటకి పువ్వు పడింది. మా వంతు వచ్చింది. పూజారి రెండు తడి చామంతులు స్వామి భుజాల మీద అతికించి, నా వైపు తిరిగాడు.

"ఏం పని మీద వచ్చినావప్పా?"

"మనసులో ఉండాది సామీ."

"మనసులో అనుకునేది ఈడ నడవదు. నోరు తెరిచి చెప్పల్ల. మనసులో అనుకుంటే పువ్వు పడినాక మాట మారుస్తారు."

నేను సరిగ్గా అదే చేద్దామనుకుని వచ్చాను. ఆ మనిషికి ఎట్లా తెలిసిందో!

వెనకాల ముప్పై మంది. పక్కన సరోజ. 'మా బావకా, మేష్ట్రుకా' అని పైకి అన్నానంటే అయిపోయింది. వాళ్ళన్నకి వెయ్యడానికి నాకు అనుమానం ఉందని ఆవిడకి తెలిసిపోతుంది. అబద్ధం చెబుదామంటే ఎదురుగా గద పట్టుకుని స్వామి. చివరికి సగం నిజం గొణిగాను. "పైపు... పైపు విషయం సామీ."

పక్కకి తిరిగి చూస్తే సరోజ కళ్ళ నిండా నీళ్ళు!

"ఎనిమిదేళ్ళుగా మొక్కుకుంటాండాను సామీ! ఈయప్ప పైపు మానాల్నని! ఈ పొద్దు ఆయనే తనంతట తానుగా నీ దగ్గరికి వచ్చినాడు!" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

అప్పుడు నేను నోరు తెరిచి 'అది కాదే' అనాలి. అనలేకపోయాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో సరోజ నన్ను అంత గొప్పగా చూడడం అదే మొదటిసారి. ఈలోపు పూజారి ఆలస్యం చెయ్యకుండా నా పేరు, గోత్రం అడిగి గట్టిగా అందుకున్నాడు.

"ఈ శ్రీనివాసులు పైపు మానాల్నంటే కుడి పక్క ఇవ్వు! మానాల్సింది లేదంటే ఎడమ పక్క ఇవ్వు!"

ఇక చూడండి నా భక్తి. చిన్నప్పుడు పరీక్షలకి కూడా అట్లా దండం పెట్టలేదు. ఎడమ స్వామీ, ఎడమ, ఎడమ! కళ్ళు ఆర్పకుండా ఎడమ వైపు పువ్వునే చూస్తున్నాను. అది కొంచెం వంగింది. ఇంకొంచెం జారింది. టప్! పడింది!

"ఎడమ!" అని గుడి అదిరేలా అరిచాను. ఎగిరాను కూడా.

పూజారి నా వైపు జాలిగా చూశాడు. "నీకి ఎడమప్పా. సామికి కుడి."

ఆయన ఎదురుగా నిలబడి మనల్ని చూస్తున్నాడు కదా! ఆయన కుడి నా ఎడమ! యాభై రెండేళ్ళుగా గుళ్ళకి పోతున్నాను, ఆ ముక్క తట్టలేదు. నేను అరిచిన అరుపు సంతోషంతోనే అనుకుని ముప్పై మందీ చప్పట్లు కొట్టారు. ఎవరో గంట కొట్టారు. ఒక పెద్దాయన వచ్చి నా వీపు తట్టి, "మంచి పని చేస్తివప్పా" అన్నాడు.

అక్కడ ఇంకో పద్ధతి ఉంది. మానేసిన వస్తువు అక్కడే పసుపు గుడ్డలో కట్టి పోవాలి. కటకటాలకి అప్పటికే బీడీ కట్టలు, పేకముక్కలు, ఒక మొబైల్ ఫోను కూడా వేలాడుతున్నాయి. సరోజ నా జేబులో చెయ్యి పెట్టి మేష్ట్రు చెక్కి ఇచ్చిన చింతచేవ పైపు తీసి, తన చేత్తోనే కట్టింది. కట్టి, ఫోటో తీసింది.

తిరిగి వచ్చే దారిలో బండి మీద నాకు ఒకటే ఓదార్పు. మా బళగ నియమం ఒకటుంది, అధ్యక్షులే రాశారు. పైపు తాగనివాడికి ఓటు లేదు, ప్రశస్తీ లేదు. అంటే నా ఓటు చెల్లదు! మేష్ట్రూ నన్ను అనలేరు, బావా అనలేడు. పోతే పోయింది పైపు, తల మిగిలింది అనుకున్నాను. ఆ తల మీద ఇంకా ఏం పడబోతోందో నాకేం తెలుసు!

సరోజ ఆ ఫోటోని చీరల గ్రూపులో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే మా బావ భార్య ఫోన్ చేసి గుడికి దారి అడిగింది. మర్నాడు పొద్దున్నే మండీ వేలం కూడా పాడనివ్వకుండా బావని కార్లో కూర్చోబెట్టుకుని గూళూరు పోయింది. కుడి! మంగళవారం చింతామణి నుంచి మిగిలిన ఇద్దరూ. కుడి, కుడి! బుధవారం మా బాగేపల్లిలో మిగిలిన ఒకాయన. ఆయన్ని కారణం చెప్పకుండానే తీసుకుపోయారట. గురువారం చిక్కబళ్ళాపురం నుంచి ఇద్దరు. ఆ పూజారి కుడి పక్క చామంతి మీద నీళ్ళు కాస్త ఎక్కువ చల్లుతాడేమోనని నాకొక అనుమానం. ఆధారాలు లేవు కాబట్టి అది మన మధ్యనే ఉండనీయండి.

అధ్యక్షులు మాత్రం శుక్రవారం దాకా మొండికేశారు. తర్వాత ఆయన భార్య అన్నం ముందు పెట్టి, "నలుగురు ఆడవాళ్ళలో నాకు తల వంపులు తెస్తాండారు" అని కళ్ళొత్తుకుంది. పోక తప్పలేదు. ఎడమ పడుతుందేమోనని రెండు గంటలు కూర్చున్నారట. చివరికి పూజారే, "మధ్యాహ్నం తలుపులు వెయ్యల్లప్పా" అన్నాడట. అప్పుడు పడిందట. కుడి.

ఇట్లా వారం తిరిగేసరికి తొమ్మిది మందిలో ఎనిమిది పైపులు ఆంజనేయుడి కటకటాలకి వేలాడాయి. మిగిలింది ఒక్క మేష్ట్రు. ఆయన్ని తీసుకుపోడానికి ఇంట్లో ఆయమ్మ లేదు కదా.

నిన్న మిద్దె మీద అధ్యక్షులు లేచి నియమం చదివారు. పైపు తాగనివాడికి ఓటు లేదు, ప్రశస్తి లేదు. మానేసినవాళ్ళ పాత ఓట్లన్నీ రద్దు. ఓటు హక్కున్న సభ్యులు ఒకరు. పోటీలో ఉన్నవారు ఒకరు. వచ్చిన ఓట్లు ఒకటి. "అశ్వత్థప్ప మేష్ట్రు ఏకగ్రీవంగా ఎన్నికైనారు" అని ఆయనే చదివి, ఆయనే నిట్టూర్చారు.

సన్మానం ఘనంగా జరిగింది. మైసూరు పేట పెట్టాం, శాలువా కప్పాం. చిలకపచ్చ చీరల్లో ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చుని ఎన్నడూ లేనంత చప్పట్లు కొట్టారు, సరోజా ఆమె వదినా తప్ప. చివర్లో ఆనవాయితీ ప్రకారం అందరం కలిసి పైపు వెలిగించాలి. ఒక్క మేష్ట్రే వెలిగించారు. మేం ఎనిమిది మందిమి చాప మీద కూర్చుని సోంపు నములుతున్నాం. ఆయన వదిలిన పొగ ఎటు పోతే అటు ఎనిమిది ముక్కులు తిరిగాయి. అది చూసి ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు.

అంతా అయ్యాక మేష్ట్రు నన్ను మూలకి పిలిచారు. పేట తియ్యలేదు. కొంచెం పక్కకి ఒరిగి ఉంది.

"పదిహేడు పేజీలు రాసినా నాకి నాలుగే ఓట్లు వచ్చె. నువ్వు ఒక్క పువ్వుతో గెలిపిస్తివి" అన్నారు. పైపు నోట్లోంచి తీశారు. "కానీ సీనా, ఒక్కణ్ణే అయిపోతినప్పా. ఎవరితో కూర్చోని తాగేది?"

నాకు గుండె చివుక్కుమంది. "సాయంత్రం అంగడి మూసినాక రోజూ వస్తాను సార్. ఊరికే కూర్చుంటా" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "రా. ఈ సారి నీకి అనుబంధాలు చదివి వినిపిస్తా" అన్నారు. అదీ నా శిక్షే అనుకోండి, కానీ పోతాను.

మెట్ల దగ్గర బావ కాచుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైపు మానేసిన ఆరో రోజు కదా, అందుకే అనుకున్నాను. కాదు.

"ఎంత తెలివిగా చేస్తివి బావా!" అన్నాడు. "నీ ఓటు మేష్ట్రుకే వేసుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుందును. నువ్వేమో దేవుణ్ణి అడ్డం పెట్టుకోని, మా చెల్లెల్ని ముందు పెట్టుకోని, ఆడోళ్ళ చేతనే మా అందరి పైపులూ పీకించేస్తివి. సర్కిల్లో నా ఫ్లెక్స్ ఇంకా ఉండాది. జనం చేతులిచ్చి అభినందనలు చెప్తాండారు. నేనేం చెప్పల్ల వాళ్ళకి?"

"అట్లా కాదు బావా, నేను అనుకున్నది వేరే..."

"చాల్లే! మేష్ట్రుకి పెళ్ళాం లేదని లెక్క వేసుకోనే చేసినావు!"

బస్సులో సరోజ నాకు రెండు సీట్ల ముందు కూర్చుంది. బాగేపల్లిలో దిగాక ఒకే ఒక్క మాట అంది. "మా అన్నని ఓడించేదానికి ఇంత పెద్ద ప్లాను వేసినావు కదా. ఇన్నేళ్ళు నిన్ను ఏమీ తెలీని అమాయకుడివి అనుకుంటిని. నువ్వు మామూలోడివి కాదు. నీ బుర్ర శానా పెద్దది."

నేను రోడ్డు మీద అట్లాగే నిలబడిపోయాను.

ఆ ఫోటో గ్రూపులో పెట్టింది ఎవరని అడగొచ్చు. పువ్వు అడిగింది ఎందుకో, పూజారి ముందు నోరు ఎందుకు పెగల్లేదో అంతా విప్పి చెప్పెయ్యొచ్చు. చెబితే తలుపు తీస్తుంది, అన్నం పెడుతుంది. కానీ ఆలోచించండి! నాకు యాభై రెండేళ్ళు. బుర్ర ఉందని మా ఇంట్లో ఒకరు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి, అదీ నేను చెయ్యని పనికి. నిజం చెప్పి దాన్ని ఒక్క రోజులో ఎట్లా పోగొట్టుకునేది?

అందుకే పొద్దున్నుంచీ ఈ హోటల్లో ఉన్నాను. ఇంకో రెండు ఇడ్లీ చెప్పండి.